నౌపడ–గుణుపురం రైలు లైను, కదిలే అక్షరాల్లో: వత్తు ఊడిపోతోంది, ఎవరైనా చూడండి

కొమ్ముబొమ్మ (పర్లాకిమిడి) · ఆదివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. పగలు నేను వెబ్‌సైట్లకీ యాప్‌లకీ తెరలు డిజైన్ చేస్తాను. ఫారాలు, మెనూలు, బటన్లు. జీతం వచ్చేది వాటికే. రాత్రి భోజనాలయ్యాక మాత్రం ఎవరూ అడగని పని ఒకటి పెట్టుకున్నాను. వేలు పెడితే కదిలే తెలుగు అక్షరాలు.

ఇప్పుడు చేస్తున్నది మా ఊరి రైలు. నౌపడ నుంచి గుణుపురం దాకా సుమారు 90 కిలోమీటర్ల లైను. రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో మా ఊరొచ్చింది. పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లే. 2004లో దాన్ని ఆపేసి పెద్ద పట్టాలు వేశారు, 2011లో గుణుపురం దాకా మళ్లీ రైలు నడిచింది. ఇప్పుడు 1676 మిల్లీమీటర్లు. చిన్నప్పుడు ఆ చిన్న పెట్టెల్లో మోకాళ్లు ఎదుటివాళ్లకి తగులుతూ వెళ్లినవాళ్లకి ఈ తేడా అంకెల్లో చెప్పక్కర్లేదు.

తెర మీద ఆరు స్టేషన్లు: నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం. మొదట అక్షరాలు సన్నగా, ఇరుకుగా ఉంటాయి. వేలితో కుడికి లాగుతుంటే ఒక్కో అక్షరం వెడల్పవుతూ పోతుంది, రైలు దాటినట్టు. ఎక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు అనే ఫాంటు వాడాను. వేరియబుల్ ఫాంటు కదా, వెడల్పు 75 నుంచి 125 దాకా, మందం 100 నుంచి 800 దాకా ఒకే ఫైల్లో ఉంది. గేజీ రెట్టింపు దాటి పెరిగింది, ఫాంటు అంత సాగదు. సర్దుకున్నాను.

అసలు గోల ఇది. ఒక్కో అక్షరాన్నీ విడిగా కదపాలని పేరుని ముక్కలు చేశాను. నౌపడ బాగానే ఉంది. టెక్కలి కాస్తా "టెక్ కలి" అయింది. పర్లాకిమిడి అయితే "పర్ లాకిమిడి". ర కింద ఉండాల్సిన ల వత్తు పైకి లేచి లా అయి కూర్చుంటోంది. మా నాన్నమ్మ ఫోన్ చూసి "మన ఊరి పేరుకి నత్తి వచ్చిందేంటే" అంది. ఏం చెయ్యాలి?

చిన్నసున్న (టెక్కలి) · రాత్రి 11:34

టెక్ కలి. మా ఊళ్లో ఐటీ పార్కు పెట్టేసినట్టుంది. నాకు నచ్చింది, అలాగే ఉంచండి.

తేరుబాలి కుర్రాడు (రాయగడ) · రాత్రి 11:52

అక్కా, ముక్కలు ఎలా చేశావో చెప్పలేదు గానీ ఊహించగలను. జావాస్క్రిప్ట్‌లో (వెబ్ పేజీల్ని నడిపే భాష) "స్ప్లిట్" అనే ఆదేశం కొడితే ఇంతకంటే ఘోరంగా వచ్చేది. కంటికి పర్లాకిమిడి అయిదక్షరాలు: ప, ర్లా, కి, మి, డి. కంప్యూటర్‌కి పదకొండు గుర్తులు. ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి. స్ప్లిట్ ఆ పదకొండింటినీ విడగొడుతుంది. గుడి ఒక్కటీ ఒంటరిగా మిగిలితే చుక్కల వలయం నెత్తినెక్కి నిలబడుతుంది, చూసే ఉంటావు.

నీకు "పర్, లా" అని వచ్చిందంటే ఇంట్ల్ సెగ్మెంటర్ (మాటని అక్షరాలుగా విడగొట్టడానికి బ్రౌజర్‌లోనే ఉండే పనిముట్టు) వాడి ఉంటావు. అది గుణింతాన్ని అక్షరంతో పాటే ఉంచుతుంది, కానీ పాత నియమం ప్రకారం పొల్లు దగ్గర ముక్క అయిపోయినట్టే లెక్క. అందుకే ఆరు ముక్కలు. స్త్రీ అనే మాట రాసి చూడు, స్, త్, రీ అని మూడొస్తాయి. మనం ఒకటో తరగతిలో దాన్ని ఒక్క అక్షరం అని నేర్చుకున్నాం కదా, యూనికోడ్‌కి (కంప్యూటర్లలో లిపులన్నిటికీ నియమాలు పెట్టే ప్రమాణం) ఆ సంగతి తెలియడానికి 2023 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన 15.1 కూర్పులో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదని నియమం చేర్చారు. తెలుగు, ఒడియా, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, మలయాళం, ఈ ఆరింటికి.

కొత్త బ్రౌజర్‌లో చూడు, సరిగ్గా అయిదొస్తాయి. పాత ఫోన్ల కోసం మాత్రం నువ్వే రాసుకోవాలి: హల్లు, దాని వెనక పొల్లు-హల్లు జంటలు ఎన్నుంటే అన్ని, ఆ తర్వాత గుణింతం, సున్న. ఒక్క జాగ్రత్త. "వెబ్‌సైట్"లో బ్ తర్వాత కంటికి కనబడని అడ్డుగోడ ఉంటుంది, దాన్ని దాటి కలపకూడదు. కలిపావంటే బ కింద స వత్తొస్తుంది.

కొమ్ముబొమ్మ · సోమవారం ఉదయం 7:05

అదే తమ్ముడూ! నా ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఉంది, నాన్నమ్మ పాత ఫోన్లోనే నత్తి. రాత్రంతా ఫాంటుని తిట్టుకున్నాను పాపం.

బరంపురం డీటీపీ (పెద్ద బజారు) · ఉదయం 9:40

తల్లీ, మాది శుభలేఖల పని. ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు, ముప్పై ఏళ్లుగా ఇదే. మీ గొడవ చదువుతుంటే నవ్వొస్తోంది. మా అను ఫాంట్లలో వత్తు వేరే మీట. ల వత్తు కొట్టి, నచ్చకపోతే కొంచెం ఎడమకి, కొంచెం కిందికి జరిపేవాళ్లం. ర్లా అంటే మాకు మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టడమే. అది తెలుగని కంప్యూటర్‌కి తెలీదు. వెతికితే దొరకదు, వేరే ఫాంటు పెడితే ఇంగ్లిషు చెత్త కనిపిస్తుంది. కానీ వత్తు మాత్రం మా చేతిలో ఉండేది. యూనికోడ్ వచ్చాక అన్నీ బాగున్నాయి, వత్తు మాత్రం చేజారింది.

ఇంకోటి. పేజ్‌మేకర్‌లో వధూవరుల పేర్లు చోటుకి సరిపడకపోతే 130 శాతం అడ్డంగా లాగేవాళ్లం. నిలువు గీతలన్నీ బొద్దుగా, అడ్డగీతలు పీలగా అయి, అక్షరం నెత్తిమీద రోకలి పడ్డట్టు ఉండేది. మీరు చెప్పే వెడల్పు అదేనా, వేరా?

కొమ్ముబొమ్మ · ఉదయం 10:15

వేరు బాబాయ్. మీరు లాగింది బొమ్మని. ఇందులో ఫాంటు గీసినవాళ్లే ఇరుకు రూపం ఒకటి, వెడల్పు రూపం ఒకటి గీసి పెట్టారు, మధ్యవన్నీ కంప్యూటర్ లెక్కగట్టుకుంటుంది. సున్న వెడల్పవుతుంది గానీ గీత లావు పాడవదు. 2016లో అడోబీ, యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ నలుగురూ కలిసి ప్రకటించిన పద్ధతి ఇది.

మీ రెండో మాట మాత్రం నాకు గుచ్చుకుంది. వత్తు మా చేతిలో ఉండేది అన్నారే. నాకు కావాల్సిందీ అదే. టెక్కలిలో రైలు ఆగినప్పుడు క వత్తు ఒక్కటే కుదుపుకి ఊగాలి, పైన క కదలకూడదు. ఫాంటుతో అది అయ్యే పని కాదు.

రంగులడబ్బా (బరంపురం) · మధ్యాహ్నం 1:30

మా నాన్న బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక మానేశారు. పద్ధతి చెప్తాను, ఉపయోగపడుతుందేమో.

ముందు దారానికి సుద్ద రాసి, రెండు చివరలా పట్టుకుని గోడకి కొట్టేవారు. గీత పడేది. ఇంగ్లిషుకి రెండు గీతలు. ఒడియాకి మూడు, పైన ఆ గొడుగు గుండ్రంగా రావడానికి ఒకటి ఎక్కువ. తెలుగుకి నాలుగు. తలకట్టుకి ఒకటి, అక్షరం ఒంటికి రెండు, వత్తుకి కింద ఇంకోటి. షాపువాళ్లు "మూడు భాషలూ ఒకే సైజులో రాయి" అనేవారు. ఎత్తు సమానంగా పెడితే తెలుగు చిన్నదైపోతుంది, ఒళ్లు సమానంగా పెడితే వత్తు కింది వరసలో ఇంగ్లిషు నెత్తిన పడుతుంది. నాన్న వత్తు ఉన్న మాటలు ముందే లెక్కపెట్టుకుని, వాటి కింద ఇంగ్లిషులో ఖాళీ వచ్చేలా జరిపేవారు. ఎవరికీ తెలిసేది కాదు ఆ పని.

తలకట్టు ఆఖర్న పెట్టేవారు. వరసంతా రాసేశాక కుంచె మార్చి, ఒక్క ఊపులో టిక్ టిక్ టిక్ అని. మీ రైలు అక్షరాల్లో తలకట్టు ఆఖర్న పడేటట్టు చేస్తే చూడాలనుంది.

సిరోంచ ఒడ్డు (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర) · మధ్యాహ్నం 2:10

ఏమనుకోకండి గానీ, ఊగే వత్తులు ఎవరికి? మా దగ్గర జనం ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో మరాఠీ చదువుతారు, ఫోన్‌లో ఫారం ఇంగ్లిషులో నింపుతారు. సిగ్నల్ కోసం డాబా ఎక్కాలి. ఆ ఫారం ఒక్కటి తిన్నగా తెలుగులో కనబడితే చాలు. ఈ ఆటలు బెంగళూరులో చూపించుకోడానికి బాగుంటాయి.

కొమ్ముబొమ్మ · సాయంత్రం 6:45

అన్నా, కోపం లేదు. పగలు నేను చేసేది ఆ ఫారమే.

పోయినేడాది ఒక చీరల వెబ్‌సైటుకి పనిచేశాను, పేరొద్దు. ఇంగ్లిషు బటన్లు ముందే తయారు, "తెలుగు పెట్టేయండి" అన్నారు. లైన్ ఎత్తు 1.2, బటన్ దాటి వచ్చింది కనబడకూడదని కత్తెర. ఇంగ్లిషుకి బాగానే ఉంది. మేం "డబ్బు చెల్లించండి" అని పెట్టాం. వత్తులు రెండూ కత్తెరలో పోయి "డబు చెలించండి" అయింది. ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ఎవరు చలించాలమ్మా, నేనా, డబ్బా?" అని అడిగారు. పరీక్ష చేసిన పిల్లలకి తెలుగు రాదు, వాళ్లు చూసింది తెలుగు ఆకారంలో ఏదో ఉందా లేదా అని. తప్పు నాది కూడా, నేను కంప్యూటర్‌లోనే చూశాను, చిన్న ఫోన్‌లో చూడలేదు. లైన్ ఎత్తు 1.6 చేసి, కత్తెర తీసేసి, కింద పక్క కొంచెం ఎక్కువ చోటు వదిలితే సరిపోయింది. రంగులడబ్బా గారి నాన్నగారి నాలుగో గీతే అది.

రాత్రి ఆట లేకపోతే ఆ రోజు నాకు వెంటనే అర్థమయ్యేది కాదు. వత్తు ఎంత కిందికి దిగుతుందో, ఏ వత్తు పక్కకి వస్తుందో వేలితో లాగి లాగి చూసినదాన్ని. మ వత్తు, య వత్తు పక్కకి జరుగుతాయి కాబట్టి "అమ్మకం" బతికిపోతుంది, "డబ్బు" బతకదు.

సిరోంచ ఒడ్డు · రాత్రి 7:20

చలించాలి బాగుంది. సరే, చేసుకోండి. కానీ మా వాళ్లకి ఆ పేజీ తెరవడానికి ఎంత డేటా అవుతుందో కూడా రాయండి. ఒక మాట మాత్రం మా వైపు నుంచి: మరాఠీ అక్షరాల మధ్య ఎడం పెంచితే పైనుండే గీత తెగి పళ్లూడిన దువ్వెనలా కనిపిస్తుంది. ఇక్కడి బోర్డుల్లో రోజూ చూస్తాం. మీకు తలకట్లు విడివిడిగా ఉండటం అదృష్టం.

తేరుబాలి కుర్రాడు · రాత్రి 8:05

డేటా గురించి అన్న అడిగింది న్యాయమే. ఆరు పేర్లకి మొత్తం ఫాంటు పంపక్కర్లేదు, కావాల్సిన అక్షరాలే కోసి పంపొచ్చు. కోసేటప్పుడు జాగ్రత్త. ర, ల ఉంచాం కదా అనుకుని ర్లా లోని వత్తు రూపాన్ని, దాన్ని చేర్చే నియమాల్నీ పారేసే పనిముట్లున్నాయి. అప్పుడు ప, ర, పొల్లు, లా అని వస్తుంది. మళ్లీ నత్తి.

అక్కా, వత్తు విడిగా ఊగాలంటే నా మాట విను. దాన్ని అక్షరంగా వదిలెయ్యి, బొమ్మగా చెయ్యి. ఇంక్‌స్కేప్‌లో (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) టెక్కలి రాసి పాత్‌గా, అంటే ఉత్త గీతలుగా మార్చు, వత్తు వేరే గీత అయి చేతికొస్తుంది. బాబాయ్ వాళ్ల పాత పద్ధతే, ఎస్వీజీలో (వెబ్‌కి వాడే గీతల బొమ్మ ఫైలు).

చెవితో చదువుతా (జయపురం, కోరాపుట్ జిల్లా) · రాత్రి 9:30

నేను చూడను, వింటాను. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడతాను. ఇలాంటి కదిలే అక్షరాల పేజీలు నాకు తగిలాయి. వేలు ఒకసారి జరిపితే "ప" అంటుంది. ఇంకోసారి జరిపితే "ర్". ఇంకోసారి "లా". ఊరి పేరు వినేసరికి రైలు వెళ్లిపోతుంది. బొమ్మగా చేస్తే అసలు ఏమీ పలకదు, ఇంకా హాయి అనుకోవాలేమో.

దయచేసి ముక్కలన్నిటినీ టాక్‌బ్యాక్‌కి కనబడకుండా దాచి, మొత్తం పేరు ఒక్కచోట మామూలు అక్షరాల్లో ఉంచండి. రెండు లైన్ల పని. పగలు బటన్లు చేసేవాళ్లకి ఇది తెలియనిది కాదు, రాత్రి ఆటలో మర్చిపోతారు.

కొమ్ముబొమ్మ · రాత్రి 9:41

మర్చిపోయాను. ఈ రాత్రే సరిచేస్తాను.

మాస్టారు (గుణుపురం) · మంగళవారం ఉదయం 6:10

అమ్మాయీ, రెండు సంగతులు.

మొదటిది బటన్ల గురించి. మీ ఊళ్లో గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పారు. ఆయన అక్కడే సవర (సొర) భాష నేర్చుకున్నారు, వాడుక భాష కోసం పోట్లాడారు. ఆ ఊరి పిల్లవి అయ్యుండి "చెల్లించండి" ఎందుకమ్మా? "డబ్బు కట్టండి" అంటే వత్తులు తెగినా చలించడం వచ్చేది కాదు, పెద్దాయన ఫోన్ చేసేవారు కాదు. ఈ మధ్య తెరల మీద "ప్రక్రియను కొనసాగించుటకు ఇచ్చట నొక్కుము" అని చూస్తున్నాను. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న దండలు వేసేది మనమే, ఇలా రాసేదీ మనమే.

రెండోది. గుణుపురం వైపు సవరవాళ్లకి సొంత లిపి ఉంది, సొరాంగ్ సొంపెంగ్. 1936లో మంగేయ్ గొమాంగో తయారు చేశారు. ఒడిశా వేరు రాష్ట్రమైంది కూడా ఆ ఏడాదే. 24 అక్షరాలు. వత్తుల్లేవు, గుణింతం గుర్తుల్లేవు, ఒకదాని పక్కన ఒకటి విడిగా నిలబడతాయి. నీ యంత్రం వాటిని ఏమీ చెయ్యలేదనుకుంటాను. గుణుపురం స్టేషన్ దగ్గర ఆ లిపి కూడా కనబడితే బాగుంటుంది.

తేరుబాలి కుర్రాడు · ఉదయం 9:00

మాస్టారూ, యంత్రం దాన్నీ వదల్లేదు! ఆ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది, కానీ దూరపు గదుల్లో చోటిచ్చారు. ఆ గదుల్లో ఉన్న ఒక్కో అక్షరాన్ని జావాస్క్రిప్ట్ రెండుగా లెక్కపెడుతుంది. వత్తులున్న తెలుగుని స్ప్లిట్ చేస్తే అక్షరం ముక్కలైనా కనబడతాయి. ఒంటరిగా నిలబడే సొర అక్షరాన్ని స్ప్లిట్ చేస్తే రెండు చచ్చు గుర్తులు మిగులుతాయి, ఏమీ కనబడదు. సెగ్మెంటర్ వాడితే ఇబ్బంది లేదు.

బరంపురం డీటీపీ · ఉదయం 11:25

అయితే పాతపట్నం దాటాక ఒడియా పెట్టమ్మా. మహేంద్రతనయ ఏరు దాటితే రాష్ట్రం మారుతుంది కదా. పాతపట్నం దాకా తెలుగు, అక్కణ్ణుంచి ఒడియా. తీరుగా ఉంటుంది. అనేక్‌లో ఒడియా కూడా ఉంది.

కొమ్ముబొమ్మ · మధ్యాహ్నం 12:50

బాబాయ్, అది మాత్రం చెయ్యను. ఏటికి ఈ పక్కనే మా ఇల్లు, ఇంట్లో తెలుగే. రాష్ట్రం మారిన చోట అక్షరం మారిస్తే మా నాన్నమ్మ ఏ ఒడ్డున నిలబడాలి? ఒడియా పెడితే నౌపడ నుంచే, రెండూ పక్కపక్కన, మీ శుభలేఖలాగా. గుణుపురంలో సొర కూడా. మాస్టారు సరి చూస్తానంటేనే, నాకు ఆ లిపి చదవడం రాదు.

ఎవరో విడిగా సందేశం పంపి, ఇలాంటివి ముందు ఎవరైనా చేశారా అని అడిగారు. చాలామంది. 1989లో జెఫ్రీ షా సైకిలు తొక్కుతూ అక్షరాలే భవనాలుగా ఉన్న వీధుల్లో తిరిగే ప్రదర్శన పెట్టారు. 1999లో కెమిల్ అటర్‌బ్యాక్, రోమీ అఖితువ్ అక్షరాల వాన కురిపించారు, తెర ముందు నిలబడితే మన చేతుల మీద, తల మీద అక్షరాలు వాలతాయి. అందులో ఇంగ్లిషు అక్షరం ఒంటరిగా పడినా అక్షరమే. మన వాన ఎలా కురవాలి? కొమ్ము ముందు పడి, క తర్వాత పడి, అరచేతిలో కలిసి కు అవ్వాలా? తర్వాత చెయ్యాలనుకుంటున్నది అదే.

మాస్టారు · మధ్యాహ్నం 1:15

సరి చూస్తాను. అద్దాలు మార్చాలి, వారం ఆగు.

కొమ్ముబొమ్మ · శుక్రవారం రాత్రి 10:50

పెట్టాను. ఏమేం మారిందంటే: పేర్లు అక్షరాల లెక్కన విరుగుతున్నాయి, పాత ఫోన్లో కూడా. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మూడింటికీ వత్తులు బొమ్మలుగా వేరు చేశాను, రైలు ఆగితే ఊగుతాయి. తలకట్లు వరసంతా అయ్యాక టిక్ టిక్ అని పడతాయి, రంగులడబ్బా గారి నాన్నగారికి చూపించండి. కదలికలు వద్దని ఫోన్లో పెట్టుకున్నవాళ్లకి అక్షరాలు నేరుగా వెడల్పుగా కనిపిస్తాయి, ఊగవు. టాక్‌బ్యాక్ ఒక్కో స్టేషన్‌నీ ఒక్క మాటగా చదువుతోంది. కోసిన ఫాంటుతో పేజీ మొత్తం ఒక మామూలు ఫొటో కంటే తక్కువ, సిరోంచ అన్నా.

నాన్నమ్మ మూడుసార్లు లాగింది. నాలుగోసారి వేలు వెనక్కి తిప్పి, అక్షరాలన్నిటినీ మళ్లీ ఇరుకు చేసి, అక్కడ వదిలేసింది.

ఇంకో చిక్కు. చిన్న ఫోన్లో వెడల్పు 125కి వెళ్తే గుణుపురంలో చివరి సున్న తెర బయటికి పోతోంది.

రంగులడబ్బా · రాత్రి 11:20

నాన్న చూశారు. తలకట్టు పాతపట్నంలో ప మీద ఆలస్యంగా పడుతోందట. రెండోసారి కూడా చూసి అదే అన్నారు.

చెవితో చదువుతా · రాత్రి 11:31

విన్నాను. ఆరు స్టేషన్లు, ఆరు మాటలు. కాశీనగర్ మాత్రం రెండుసార్లు పలికింది.

చిన్నసున్న · రాత్రి 11:38

గుణుపురంలో సున్న బయటికి పోయిందంటే రైలు ప్లాట్‌ఫాం దాటి ఆగిందన్నమాట. కొంచెం వెనక్కి తియ్యండి, మేం దిగాలి.